తొంభైకి మూడు కిలోల ఇవతల

మొన్న నంద్యాలలో ఒక పెళ్లికి పోయాను. నిలబడి తినే భోజనాలు. పెళ్లికూతురి తండ్రి జనం మధ్య తిరుగుతూ కనబడిన వాళ్లందరినీ ఇంకాస్త వేసుకోమని బలవంతపెడుతున్నాడు. నా పక్కన నిలబడిన అమ్మాయి ప్లేటులో నాలుగు కీరదోస ముక్కలూ గరిటెడు పెరుగన్నమూ తప్ప ఏమీ లేవు. ఆయన ఓళిగ, అదే బొబ్బట్టు, వేయించబోతే ఆ పిల్ల చేయి అడ్డం పెట్టి, డైటింగులో ఉన్నాను అంకుల్ అంది. ఆయన మంచిదమ్మా, మంచిదమ్మా అని నవ్వి పక్కవాళ్ల దగ్గరికి పోయాడు. మొహం చిన్నబుచ్చుకోలేదు. ఆ పిల్ల తరఫు పెద్దలెవరూ పరుగెత్తుకొచ్చి సర్దిచెప్పలేదు. రెండు ఇళ్ల మధ్య రాకపోకలేమీ తెగిపోలేదు.

నాకు మా మామ గుర్తొచ్చాడు. ఆ పిల్ల ఇంత సులువుగా అనేసిన మాటను నోటితో అనలేక ఆ మనిషి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

మామ అంటే మా అమ్మకు పెద్దన్న. నన్ను తన కొడుక్కే చేసుకున్నాడు కాబట్టి నాకు రెండు విధాలా మామే. ఆళ్లగడ్డలో మా ఇల్లు. ఆయన పుట్టుపూర్వోత్తరాలు నేను చెప్పబోవడం లేదు. అవి చెప్పేవాళ్లు మా ఇంట్లో వేరే ఉన్నారు, ఒకసారి కదిలిస్తే పొద్దుగూకేదాకా వదలరు. నాకు గుర్తుండేదల్లా ఆయన ఇస్తరాకు ముందు కూర్చునే తీరు.

ముందు తువ్వాల మడిచి ఎడమ మోకాలి కింద పెట్టుకునేవాడు. అన్నం వడ్డించగానే తినేవాడు కాదు. చేతి వెనక భాగంతో అన్నాన్ని మెల్లగా నొక్కి గుంట చేసి, నెయ్యి పడేదాకా ఆగేవాడు. మొదటి ముద్ద నమిలి మింగాక తల ఎత్తకుండానే, ఈ ఉప్పు వేసిన చేయి ఎవరిదప్పా అని అడిగేవాడు. తలుపు చాటున ఉన్న ఆడవాళ్లు ఒకరినొకరు పొడుచుకునేవాళ్లు. ఎవరో ఒక కోడలి పేరు బయటికొచ్చేది. ఆ రోజుకు ఆ కోడలు ఆ ఇంట్లో మహారాణి. మా మామకు ఇదంతా తెలియదనుకునేరు. బాగా తెలుసు. తిన్నాక కుడి అరచేయి నేలకు ఆనించి, నరసింహా అంటూ లేచేవాడు. లేచేటప్పుడు ఎడమ చేయి పొట్ట మీద పెట్టుకునేవాడు. కడుపు నిండినందుకు నిమురుకుంటున్నాడని అందరూ మురిసిపోయేవాళ్లు. నేనూ అట్లాగే అనుకున్నాను, చాలా కాలం.

ఆయనకు పదవేమీ లేదు. అయినా శిరివెళ్ల నుంచి చాగలమర్రి దాకా ఏ ఊర్లో పొలం గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసినా పొద్దున్నే మా అరుగు మీద మనుషులుండేవాళ్లు. మామ గట్టిగా అరిచే మనిషి కాదు. అందరూ అరిచి అలిసిపోయేదాకా వక్క కొరుకుతూ కూర్చునేవాడు. తర్వాత ఒక్కొక్కరి చెవి దగ్గర చేరి ఏదో చెప్పేవాడు. సాయంత్రానికి ఎట్లాగో మాట కుదిరేది.

కుదిరిన మాట నిలబడాలంటే మా దిక్కు ఒక పద్ధతి ఉండేది. తమతో చెడినవాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు కదా. అందుకని రాజీ అయిందని ఊరికి తెలియాలంటే మధ్యవర్తి ఒకే రోజున రెండిళ్లలోనూ అన్నం తినాలి. ఒకింట్లో మధ్యాహ్నం, ఇంకో ఇంట్లో పొద్దుగూకేలోపల. అది కూడా ఏదో చేయి తడిపి లేచామంటే కాదు. అక్కడ ఎన్నిసార్లు కూర వేయించుకుంటే ఇక్కడా అన్నిసార్లు వేయించుకోవాలి. చూసేవాళ్లు చూస్తూనే ఉంటారు, లెక్కపెట్టేవాళ్లు లెక్కపెడుతూనే ఉంటారు. మామ దీన్ని వేళాకోళంగా తీసుకునేవాడు కాదు. కడుపులో పడిన అన్నం కోర్టుకు పోదు అనేది ఆయన మాట.

నా పెళ్లికి ముందు, డెబ్బైలలో, మిడుతూరు దిక్కు ఒక ఊర్లో దాయాదుల మధ్య బావి తగాదా తీర్చాడట. మొదటి ఇంట్లో నాలుగు ఓళిగలు తిన్నాడు. రెండో ఇంట్లో మూడు తినేసరికి ఆయాసం వచ్చింది, నాలుగోది ఆకులో వదిలేశాడు. ఇంతే జరిగింది. ఆ ఒక్క ఓళిగను ఆ ఇంటివాళ్లు ఎంత పెద్దది చేశారంటే, మా ఇంటి తిండి ఆయన గొంతు దిగలేదు, మనసులో వాళ్ల పక్షమే అని ఊరంతా చెప్పుకున్నారు. కుదిరిన రాజీ వారం తిరగకుండా మళ్లీ తెగింది. మరుసటేడు శనగకాయలు పీకే కాలానికి గానీ సర్దుకోలేదు. అది కూడా మామ మళ్లీ పోయి రెండిళ్లలోనూ తింటేనే. అప్పటి నుంచి ఆయన ఏ ఆకులోనూ మెతుకు వదలలేదు.

ఇట్లా ఊర్ల తగాదాలన్నీ ఆయన పొట్టలో చేరుతూ వచ్చాయి. నేను కోడలిగా అడుగుపెట్టేసరికి మామ అరుగు మీది నుంచి లేవాలంటే ఒక చేయి పట్టుకోవాలి. ఎనభైల మొదట్లో ఒక రోజు, తిన్నాక లేవబోతూ పొట్ట మీద చేయి పెట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది. మా అత్త గాబరాపడి చొక్కా పైకెత్తితే బొడ్డు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. అంతకాలంగా ఆ చేయి నిమురుతున్నది తృప్తితో కాదు, జారిన పేగును లోపలికి ఒత్తిపట్టుకోవడానికి.

మా ఆయనా నేనూ బస్సులో నంద్యాలకు తీసుకుపోయాము. అక్కడి డాక్టరు కోస్తా నుంచి వచ్చిన మనిషి, నవ్వడం తక్కువ. పొట్ట అంతా నొక్కి చూసి, కాటా ఎక్కించాడు. నూట పన్నెండు కిలోలు. పేగు జారింది, కోసి కుట్టాలి, కానీ ఈ కొవ్వు మీద కుట్లు నిలవవు, మత్తు ఇవ్వడం కూడా ప్రమాదమే, తొంభైకి దిగి రండి అప్పుడు చేస్తాను అన్నాడు.

మామకు అలవాటైన పని కదా, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. గొంతు తగ్గించి, గట్టు తగాదా తీర్చేటప్పుడు మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాడు.

"సారూ, నువ్వు తొంభై అంటాండావు. నేను నూట పన్నెండు కాడ ఉండా. నీదీ కాదు, నాదీ కాదు. నడిమధ్యన నూట ఒకటికి ఒప్పుకుందాం."

డాక్టరు కాటా వైపు వేలు చూపించాడు. "ఇది పంచాయితీ కాదండీ. మీ కడుపు."

మామ చెవి గీరుకుంటూ బయటికొచ్చాడు. ఆయన ఒక్క మాట కూడా నెగ్గకుండా లేచి రావడం నేను చూసింది అప్పుడే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈయన్ను మన ఊరి పంచాయితీలకు తీసుకుపోవాల పాపా, శానా గట్టి మనిషి అన్నాడు.

అప్పటి నుంచి ఆయన తిండి నా చేతికొచ్చింది. అత్తకు అప్పగించి లాభం లేదు. మొగుడికి తిండి తగ్గించడమంటే ఆమె దృష్టిలో సగం చంపడం. నేను నెయ్యి కుండను అటక మీదికి ఎక్కించాను. జొన్నరొట్టె ఒకటి, ఆకుకూర పప్పు, వెన్న తీసిన మజ్జిగ. రాగిసంగటి ముద్ద నా పిడికిలికి మించనిచ్చేదాన్ని కాదు. పొద్దున్నే ఆయన్ను చేలకట్ట మీద నడిపించే పని మా ఆయనది. మామ ఎదురు చెప్పేవాడు కాదు గానీ, ముద్దను ఆకు మధ్యలో పెట్టుకుని దాని చుట్టూ చూసేవాడు, ఇంకా ఏమైనా వస్తుందేమోనని. నాకు నవ్వొచ్చేది, గిన్నె మాత్రం లోపలికి తీసుకుపోయేదాన్ని.

బరువు మొదట్లో బాగా దిగింది. ఆళ్లగడ్డలో శనగకాయల మండీ కాటా మీద తూచుకునేవాడు. మూటల మధ్య మా మామ ఎక్కి నిలబడితే హమాలీలు పని ఆపి చుట్టూ చేరేవాళ్లు. మండీ అన్న రాళ్లు సర్ది కిలోలు చెప్పగానే, మామ తేమకూ సంచికీ తరుగు తీసెయ్యప్పా అనేవాడు. రైతులకు అన్నేండ్లు తరుగు తీసిన మండీ అన్న పకపకా నవ్వేవాడు.

చొక్కాలు వదులయ్యాయి. దాంతో ఇంకో గొడవ మొదలైంది. మా దిక్కు మనిషి సన్నబడ్డాడంటే బాగుపడ్డాడని ఎవరూ అనరు, ఏం రోగమో అంటారు. మామకు ఏదో పెద్ద జబ్బు చేసిందని పుట్టింది మాట. చుట్టాలు పలకరించడానికి వచ్చేవాళ్లు, ఊరికే వచ్చేవాళ్లా? ఒకరు గుడ్లు, ఒకరు పాలకోవా, ఒకరు ఇంట్లో కాచిన నెయ్యి. బలానికి పెట్టమ్మా అని నాకే అప్పగించి, పెట్టడం లేదేమోనని నావైపు అనుమానంగా చూసేవాళ్లు. మేనకోడలై ఉండి మామ కడుపు మాడుస్తోందని మా వీధిలో నాకు పేరు కూడా వచ్చింది. వచ్చిన నెయ్యిని నేను వీధిలో పిల్లలున్న ఇళ్లకు పంచేశాను. ఎవరేమనుకుంటే నాకేం.

నూరు దాటి కిందికొచ్చింది, తొంభై అయిదుకొచ్చింది, తొంభై మూడుకొచ్చింది. అక్కడ ఆగిపోయింది. నంద్యాలకు పోయిన ప్రతిసారీ ముల్లు తొంభై మూడు దగ్గరే. ముద్ద ఇంకా చిన్నది చేశాను. మజ్జిగలో నీళ్లు పెంచాను. ఏం చేసినా ఆ మూడు కిలోలు మా మామను పట్టుకుని వదలలేదు. డాక్టరు నావైపు చూసి, ఇంట్లో తినడం లేదంటే బయట తింటున్నట్టే అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. ఒళ్లు కాస్త తేలికపడగానే మామ మళ్లీ పంచాయితీలకు తిరగడం మొదలుపెట్టాడు. నేను పక్షం రోజులు నోరు కట్టించి దించిన బరువంతా ఒక్క రాజీ రోజున రెండిళ్ల భోజనంతో వెనక్కి వచ్చేస్తోంది. ఆ వేళ నేను నిజంగానే కోపం తెచ్చుకున్నాను. నీకు ప్రాణం మీద తీపి లేదా, నోరు కట్టుకోలేవా అని నిలదీశాను. మామ కోప్పడలేదు. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"ఆ ముద్ద నాది కాదు పాపా, వాళ్లది. నేను తినకుంటే వాళ్లు నిలబడరు."

జబ్బు సంగతి చెప్పి తప్పించుకోవచ్చు కదా అంటే దానికీ ఒప్పుకోలేదు. సాకు చెప్పి తినలేదంటారు, ఇష్టం లేక సాకు చెప్పినాడంటారు, ఓళిగ కత మర్చిపోయినావా అన్నాడు. ఇంకో కారణం కూడా ఉందని నాకు తెలుసు. పేగు జారిందని నలుగురిలో చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గు. మగవాళ్ల సిగ్గులు అట్లా ఉంటాయి, ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ పొట్ట సంగతి బయటపడకూడదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే, మిట్టమధ్యాహ్నం, మామ కేక వేశాడు. ఉబ్బు రాయిలా గట్టిపడింది, లోపలికి పోవడం లేదు. వాంతులు. జీపు దొరికేసరికి ఆయన మా ఆయన చేయి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్లు దిగాయి. నంద్యాల దారి పొడుగునా అత్త అహోబిలం సామికి మొక్కుతూనే ఉంది. నేను మొక్కలేదు, వాంతికి గిన్నె పట్టుకుని కూర్చున్నాను. డాక్టరు కాళ్ల వైపు మంచం ఎత్తు చేయించి, చెమటలు కారుతూ తన చేతులతో మెల్లమెల్లగా పేగును లోపలికి పంపాడు. చేతులు కడుక్కుంటూ మా ఆయననూ నన్నూ పక్కకు పిలిచాడు. ఈసారి లోపలికి పోయింది, మళ్లీ ఇరుక్కుంటే పోతుందని చెప్పలేను, ఇరుక్కున్న పేగు కుళ్లిపోతుంది, అప్పుడు ఎంత బరువున్నా కోయాల్సిందే, కోసినా బతుకుతాడని హామీ ఇవ్వలేను, ఆ మూడు కిలోలు త్వరగా దించండి అన్నాడు.

అంత జరిగినా మామ శిరివెళ్ల దగ్గరి పల్లెకు ఇచ్చిన మాట తప్పనన్నాడు. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముడిని వదినే పెంచింది. తర్వాత పొలాలు పంచుకున్నారు. తమ్ముడి బండి అన్న చేని మీదుగా పోవాలి. అన్న ఒక ఏడు దారికి ముళ్లకంప అడ్డం వేశాడు. అంతే, అన్నదమ్ములకు మాటలు పోయాయి. పక్కపక్క ఇళ్లే, మధ్యన ఒక గోడ. ఏండ్లు గడిచినా తమ్ముడు వదిన చేతి నీళ్లు ముట్టలేదు. మామ ఆరు నెలలుగా తిరిగి తిరిగి, బండిదారి వదిలేట్టు అన్నను ఒప్పించాడు. ఇక మిగిలింది తినడమే.

నేనూ వస్తానన్నాను. మామ నన్ను ఎగాదిగా చూసి, వస్తే రా, నోరు మాత్రం తెరవద్దు అన్నాడు. సీసాలో మజ్జిగ పోసుకుని బయలుదేరాను. ఆ రెండు భోజనాలూ తింటే మామ ఇంటికి తిరిగొస్తాడో లేదోనన్నది ఒక్కటే నా భయం.

అన్న ఇంట్లో ముందు వడ్డన. పంచాయితీ పెద్దలు నడవలో బారుగా కూర్చున్నారు. తమ్ముడు గడప బయట అరుగు మీదే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. మామ తినేసి బయటికి వస్తే తన ఇంటికి తీసుకుపోవాలని కాచుకుని ఉన్నాడు. నేను వంటింటి తలుపు దగ్గర ఆ ఇంటి ఇల్లాలి పక్కన నిలబడ్డాను. ఆమె వంద మందికి సరిపడా వండింది. చింతచిగురు పప్పు, గుత్తి వంకాయ, నాటుకోడి పులుసు, ఓళిగలు. వడ్డించేసరికి ఆకు కనబడలేదు.

మామ తువ్వాల మడిచి మోకాలి కింద పెట్టుకున్నాడు. అన్నాన్ని నొక్కి గుంట చేశాడు. నెయ్యి పడింది. చేయి అన్నం మీదికి పోయి, అక్కడే ఆగింది. ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను తినలేనప్పా," అన్నాడు.

నా పక్కనున్న ఇల్లాలు గరిటె జారవిడిచింది. ఇంటాయన లేచి నిలబడ్డాడు.

"ఏం తక్కువైందన్నా? చెప్పు."

"ఏం తక్కువ కాలేదు. నాకు పేగు జారింది. కోసి కుట్టాలంటే ఇంకా మూడు కిలోలు దిగాల. దిగకుంటే బతికేది నమ్మకం లేదంట. మొన్న సావు దాకా పోయొచ్చినా." చేయి పొట్ట మీద పెట్టుకున్నాడు. "నాకు భయమైతాంది అప్పా."

ఆయన నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు. ఇంటాయన గాబరాపడి, అట్లైతే వద్దులే అన్నా, మాట కుదిరింది గదా చాల్లే అన్నాడు. చాలదని అక్కడున్న అందరికీ తెలుసు. బారులో ఒక పెద్దాయన అప్పుడే పక్కవాడి చెవిలో ఏదో ఊదుతున్నాడు. బయట తమ్ముడు అరుగు దిగబోతున్నాడు.

మామ గడప వైపు తిరిగాడు. "యాడికి పోతాండావురా? ఇట్ల రా. వడ్డించిన ఆకు ఊరికే లేయగూడదు. నా బదులు నువ్వు తిను."

"నేనేందన్నా? తినాల్సింది నువ్వు."

"నా ఆకులో కూచునేదానికి నీకు నామోషీనా?"

దానికి అవునని ఎవరనగలరు? ఆ మనిషి అరుగు మీద చెప్పులు విడిచాడు. తర్వాత కాళ్లు కడుక్కుని గడప దాటాడు. మామ పక్కకు జరిగి తన పీట ఇచ్చాడు. తమ్ముడు కూర్చుని, తల వంచుకుని, ముద్ద కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోవడం లేదు. నా పక్కనున్న ఇల్లాలు పప్పు గిన్నె తీసుకుని పోయి మరిది ముందు వంగింది.

"ఇంకొంచెం ఏస్తా. నీకు పుల్లగ ఉండాల గదా," అంది.

తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలలేకపోయాడు, కన్నీళ్లు ఆకులో పడుతున్నాయి. అన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వచ్చి నా భుజం పట్టుకుంది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. మామ మాత్రం కళ్లు తుడుచుకుంటూనే గట్టిగా లెక్కపెడుతున్నాడు. పప్పు రెండు తూర్లు, ఓళిగలు మూడు, అందరూ సూసుకోండప్పా, ఆ ఇంట్లో గూడా ఇంతే అన్నాడు.

తర్వాత గోడకు అవతలి ఇంట్లో అన్న కూర్చున్నాడు, మామ ఆకులోనే. మరదలు వడ్డించింది. అన్నకు ఆకలి పుట్టినట్టుంది, మూడు ఓళిగలు అయ్యాక నాలుగోది అడిగాడు. మామ చేయి అడ్డం పెట్టి, మూడే, లెక్క తప్పితే మల్లా నేను రావాల అన్నాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వుతో నా భయం తగ్గింది. మామ రెండిళ్లలోనూ నా సీసాలోని మజ్జిగే తాగాడు, అక్కడ ఒక గ్లాసు, ఇక్కడ ఒక గ్లాసు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మామ మళ్లీ కిటికీ పక్కనే కూర్చున్నాడు. శిరివెళ్ల దాటాక అన్నాడు.

"ఇన్నేండ్లూ వాళ్ల అన్నం నేను తింటాంటి పాపా. ఒగరింట్లో ఒగరు తినాల్సింది, నేను తిని లేసొస్తాంటి. అందుకేనేమో నాలుగు దినాలకే మల్లా కొట్లాడుకుంటాండ్రి."

నాకు ఆ పూట అంత పెద్ద ఆలోచన లేదు. ఆయన ఆ రోజు ఏమీ తినలేదు, బతికొస్తున్నాడు, అదే చాలనిపించింది.

ఆ తర్వాత ఎవరి పంచాయితీకి పోయినా మామ తినలేదు. ఎదుటి ఇంటివాడినే తన ఆకులో కూర్చోబెట్టేవాడు. మొదట్లో కొందరు సణిగారు. తర్వాత అదే పద్ధతి అయింది, మామ ఆకులో తినడమంటే గొప్పగా కూడా చెప్పుకున్నారు. ఆ మూడు కిలోలు మాత్రం అంత తేలిగ్గా పోలేదు, అరకిలో అరకిలోగా మమ్మల్ని ఏడిపించి దిగాయి. చివరిసారి నంద్యాలలో కాటా ఎక్కే ముందు మామ చొక్కా విప్పాడు, గడియారం విప్పాడు, వెండి మొలతాడు కూడా తీసి నా చేతిలో పెట్టాడు. ముల్లు తొంభై మీదికి వచ్చి ఒక వెంట్రుకవాసి ముందుకు పోయి నిలబడింది. పావుకిలో ఎక్కువుందన్నాడు డాక్టరు. మామ కాటా దిగలేదు. దీనికి మాత్రం రాజీకి రా సారూ అన్నాడు. డాక్టరు పళ్లు కనబడేట్టు నవ్వడం నేను ఆ రోజే చూశాను. ఎల్లుండి పొద్దున చేస్తానన్నాడు.

కుట్లు నిలిచాయి. మామ ఆ తర్వాత చాలా ఏండ్లు బతికాడు. తొంభై మళ్లీ దాటలేదు. పోయినప్పుడు నిద్రలోనే పోయాడు, పేగుకూ దానికీ సంబంధం లేదు. ఆయన పోయిన రోజు గురించి నాకు పెద్దగా ఏడుపు రాదు. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆపరేషను అయిన మరునాటి పొద్దు.

మత్తు పూర్తిగా దిగింది. కళ్లు తెరిచి మంచం చుట్టూ చూశాడు. అత్త మందులకు పోయింది, మా ఆయన డాక్టరు కోసం బయట ఉన్నాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను, పక్కన స్టూలు మీద. ఇంటి నుంచి వచ్చిన కేరియరు మూత తీయకుండా నా కాళ్ల దగ్గర ఉంది. ముందు రోజు నుంచి నేను ఏమీ తినలేదు. నొప్పిగా ఉందా అని అడిగాను. ఆయన నా ముఖంలోకే చూశాడు.

"తింటివా?" అన్నాడు.

లేదని తల ఊపాను.

"నా ముందర తిను. సూస్తా."

నెలల తరబడి ఆయన నోటి ముందు నుంచి ముద్దలు లాగేసిన చేయి ఇది. మామ ఆకలితో చూస్తుంటే నేను కడుపు నిండా తినలేక, అటక కింద నిలబడి నాలుగు మెతుకులు మింగి లేచేదాన్ని. నేనూ సగం అయిపోయానని ఆ రోజుదాకా నాకే తెలియలేదు. కేరియరు విప్పాను. అన్నం, పప్పు, వంకాయ కూర. మొదటి ముద్దను నీళ్లతో మింగాను. రెండోది దిగింది. మామ ప్రతి ముద్దనూ చూస్తున్నాడు. ఇంకొంచెం కూర ఏసుకో అన్నాడు. వేసుకున్నాను. ఆయన కళ్లు మెల్లగా మూతలు పడ్డాయి, ఊపిరి సమంగా ఆడుతోంది. ఆయన నిద్రపోయాక కూడా నేను ఆపలేదు, గిన్నె అడుగు కనబడేదాకా తింటూనే ఉన్నాను.